ఎడమ చేతి ఏడాది

ఏడో తరగతిలో మా లెక్కల సారు నా చెవి పట్టుకుని క్లాసు ముందర నిలబెట్టి, "లింబాద్రికి కూడికలొస్తయి గని తీసివేతలు రావు" అని ప్రకటించారు. తీసివేతలు వచ్చేదాకా ఆగుదామనే నేనూ అనుకున్నాను. కానీ ఆ ఏడే బడికీ నాకూ చెల్లిపోయింది. ఎవరు ఎవరిని వదిలించుకున్నామో ఇప్పటికీ తేలలేదు. సారు మాట మాత్రం సముద్రం దాటి నాతోపాటు ఖతర్ వచ్చింది. క్రికెట్ ఆటలో నేను బంతి చేతిలోకి తీసుకున్నానంటే ఎదుటి జట్టుకు అన్నీ కూడికలే. తీసివేత ఒక్కసారే జరిగింది, మా జట్టులోంచి నన్ను నేనే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను మరచిపోయే మనిషిని కాను. దోమ కుట్టినా దాని ముఖం గుర్తు పెట్టుకుంటాను. క్షమించెయ్యి, మనసు తేలికవుతుందని పెద్దలు చెబుతుంటారు. నా మనసు అప్పటికే చాలా తేలిక, అందులో బరువైన వస్తువు ఏదైనా ఉంటే బాగుంటుందనే ఒక పగను ఏడాది పాటు పెంచాను. దానికి ఇష్టమైనవి పెట్టాను, రోజూ దువ్వాను, శుక్రవారం శుక్రవారం ఎండలో తిప్పుకొచ్చాను. ఈ కథ దానిదే.

మొన్న శుక్రవారం మా గదిలో కుర్రాళ్ళు కొట్టుకునేంత పని చేశారు. వాళ్ళ లీగులో ఫైనలుకు వచ్చిన రెండు జట్లలో ఎవరి దగ్గర చివరి ఓవర్లు వేసే బౌలర్లు గట్టివాళ్ళు అన్నది తగువు. ఒకడు ఫోన్లో పాత మ్యాచులు తీసి చూపిస్తున్నాడు, ఇంకోడు ఆ ఫోన్ లాక్కుని ఇంకో మ్యాచు చూపిస్తున్నాడు. చివరికి ఇద్దరూ నా మంచం దగ్గరికి వచ్చారు. "కాకా, నువ్వు ఆడినోనివి గదా, నువ్వు జెప్పు." నేను కళ్ళజోడు పెట్టుకుని, "ఆ జట్టు వాళ్ళు ఏం తింటార్రా? ఎట్లా తింటారు?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తగువు మరచిపోయి, నా మీద పడి నవ్వారు. "బౌలింగుకు తిండికి ఏం సంబంధం కాకా? నీకు ఆకలైతున్నట్టున్నది." సరే, నవ్వండి. సంబంధం ఏమిటో వాళ్ళకు చెబితే వినే ఓపిక లేదు. మీరు చదివేవాళ్ళు, ఓపిక మీకు అలవాటే.

అప్పట్లో మా క్యాంపు దోహా అంచున మెసైమీర్‌లో ఉండేది. నేను స్కాఫోల్డింగ్ పని చేసేవాణ్ణి. వెస్ట్ బేలో లేస్తున్న టవర్ల చుట్టూ పైపులు నిలబెట్టి, అడ్డం పైపులు పెట్టి, రెండూ కలిసిన చోట క్లాంపు తగిలించి స్పానర్‌తో బిగించడం పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తల పైకెత్తి, చేతులు పైకెత్తి బిగిస్తూనే ఉండాలి. దేవుణ్ణి అంతసేపు చేతులెత్తి అడిగి ఉంటే నన్ను ఫోర్‌మన్‌ని చేసేవాడు. ఫోర్‌మన్ మాత్రం సత్తన్న. ఆర్మూరు వైపు మనిషి, మా ఊరికి పక్క ఊరే. గట్టి గొంతు, పెద్ద మీసం, ఏం మాట్లాడినా పక్క బ్లాకు వాళ్ళకు కూడా పనికొచ్చేటట్టు మాట్లాడేవాడు. పనిలో ఆయనే ఫోర్‌మన్, మెస్సులో ఆయనే పెద్ద, శుక్రవారం ఆటలో ఆయనే కెప్టెన్. మూడు టోపీలూ ఒకే తల మీద ఉంటే ఆ తలకు గాలి ఎట్లా ఆడుతుంది?

మెస్సు అంటే వంటిల్లు, అంతకన్నా ఎక్కువ కూడా. క్యాంపులో ఏ భాష వాళ్ళు, ఏ పని వాళ్ళు కలిసి వండుకుంటే అది వాళ్ళ మెస్సు. మాది షట్టరింగ్ మెస్సు. వడ్రంగం, స్టీలు, స్కాఫోల్డింగ్ చేసే మా జిల్లాల వాళ్ళందరం అందులోనే. వంట మల్లయ్య మామది. ఆయన ఎవరికీ స్వంత మామ కాదు, అందరికీ మామే. ఒకప్పుడు ఆయనా కాంక్రీటు మోసినవాడే, మోకాళ్ళు పోయాక గరిటె పట్టాడు. తెల్లవారక ముందే తలకు తువ్వాలు చుట్టి, ఎవరితో మాట్లాడకుండా గ్యాసు వెలిగించేవాడు. ఆవాలు చిటపటలాడే చప్పుడే మాకు అలారం. ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో చూసేవాడు కాదు, మూతి వంచి ఆవిరి పీల్చి చెప్పేవాడు. మా కంచాలన్నీ గోడకు మేకుల మీద వరసగా ఉండేవి, ప్రతి కంచం అంచున చుక్కలతో పొడిపించిన పేరు. సెలవు మీద ఇంటికి పోయినవాడి కంచాన్ని గోడవైపు తిప్పి పెట్టేవాడు మామ. గురువారం సాయంత్రం జొన్న రొట్టెలు. ఆ రోజు ఆ గదిలో కాలిన పిండి వాసన, పచ్చి ఉల్లిగడ్డ వాసన, కంచె మీద ఆరేసిన డ్యూటీ బట్టల్లోంచి ఉప్పు వాసన, భుజాలకు రుద్దుకున్న నొప్పి మందు ఘాటు, అన్నీ కలిసిపోయి ఒక్కటే వాసనయ్యేవి. నన్ను కళ్ళకు గంతలు కట్టి ఎక్కడ వదిలినా ఆ వాసన పట్టుకుని నడిచి వచ్చేసేవాణ్ణి.

శుక్రవారం ఆటకు ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. ఏ మెస్సులో తింటే ఆ మెస్సు జట్టుకే ఆడాలి. నువ్వు ఎవరివి, ఏ ఊరు, ఏ కులం, ఏ పని అని ఎవరూ అడగరు. పొద్దున ఎవరి గిన్నెలోంచి తిన్నావు అని అడుగుతారు. జట్టు మారాలంటే పొయ్యి మారాలి. అందుకే ఎవరూ మారేవారు కాదు. మల్లయ్య మామ పచ్చిపులుసు వదిలి ఎవరు పోతారు?

పోటీ ఎప్పుడూ మా మెస్సుకూ డ్రైవర్ల మెస్సుకూ మధ్యే. మిగతా మెస్సులు మమ్మల్ని ఫైనలుకు పంపించడానికే పుట్టినట్టు ఓడిపోయేవి. డ్రైవర్ల కెప్టెన్ ఖాదర్ భాయ్, బోధన్ మనిషి. ట్రైలర్ నడిపేవాడు. గడ్డం నెరిసింది, మాట మెత్తన, తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో దిగేవాడు. రెండు జట్లలోనూ బ్యాటింగు ఇంచుమించు ఒకటే. కళ్ళు మూసుకుని కొట్టడం, తగిలితే పరుగెత్తడం. తేడా అంతా చివరి ఓవర్లలో. మా దగ్గర భూమేశ్ ఉండేవాడు, స్టీలు కట్టేవాడు. వాడి బంతి గోడలో దిగిన మేకులాగా వచ్చేది. పేరుకు వాడొక్కడే చాలు. డ్రైవర్ల దగ్గర అంత వేగం ఎవరికీ లేదు. ఖాదర్ భాయ్ బంతి వేస్తే ట్రైలర్ రివర్సులో వచ్చినట్టు వచ్చేది. అందరికీ కనిపిస్తుంది, అందరూ పక్కకు జరుగుతారు, అయినా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. నీళ్ళ ట్యాంకర్ నడిపే పొడగరి ఒకడు ఎడమ చేత్తో వేసేవాడు, బ్యాటు కిందికి వచ్చేలోపల బంతి దూరిపోయేది. చూస్తే సాదా బౌలర్లు. కానీ చివరి ఓవర్లలో వాళ్ళ మీద ఎవరూ కొట్టలేకపోయేవారు, మా వాళ్ళ మీద అందరూ కొట్టేవారు.

దీనికి కారణం నాకు ముందు తెలిసింది మా కంచాల దగ్గరే. సత్తన్న కూర వడ్డించగానే ముక్కలన్నీ ముందే తినేసేవాడు. ఒక్కటి కూడా మిగలకుండా. ఆ తరవాత ఉత్త పులుసుతో అన్నం దిగక, పక్కవాడి కంచం వైపు చూస్తూ, నీళ్ళు తాగుతూ ముగించేవాడు. ఆటలోనూ అంతే. భూమేశ్ ఓవర్లన్నీ మొదట్లోనే ఊడ్చేసేవాడు. వికెట్లు పడుతుంటే మీసం దువ్వుకుని మురిసిపోయేవాడు. చివరికి వచ్చేసరికి చేతిలో ఉత్త పులుసు, అంటే నేను. ఇక రెండో కారణం భుజం. డ్రైవర్లకు వారమంతా కూర్చుని నడుం పోయేది. మాకు వారమంతా చేతులెత్తి భుజం పోయేది. శుక్రవారం వాళ్ళకు నడుం పట్టేసినా భుజం తాజాగా ఉండేది. మాకు శుక్రవారం నాటికి చేతిని పైకెత్తాలంటే ఇంకో చేతితో ఎత్తాలి.

ఒక చలికాలం, ఫైనలు ముందు రోజు మాకు ఓవర్‌టైమ్ పడింది. టవర్ మీద పై అంతస్తు చుట్టూ పైపులు బిగించి, గురువారం మామ చేసిన రొట్టె విరుచుకోవడానికి కూడా కుడి చేతిని ఎత్తలేకపోయాను. శుక్రవారం ఆట నడుస్తుంటే, చివరి ఓవరు నాకే వస్తుందని తెలిసి, ముందే సత్తన్న దగ్గరికి పోయాను.

"సత్తన్నా, నా భుజం లేస్తలేదు. భూమేశ్‌కు ఒక ఓవర్ ఆఖర్ల ఉంచు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఫీల్డర్లను చేత్తో జరుపుతూ, "ముందుగాల వికెట్లు తీసుడు ముఖ్యంరా. ఆఖర్ల ఎవడేసినా ఒక్కటే" అన్నాడు.

ఎవడేసినా ఒక్కటే అన్న ఆ ఎవడో నేనే అయ్యాను. బంతి చేతికొచ్చింది. ట్యాంకర్ పొడగరి బ్యాటుతో ఎదురుగా నిలబడ్డాడు. నేను వేసిన బంతి నా చేతిలోంచి జారి, వాడి నడుం ఎత్తున, పెళ్ళిలో లడ్డూ వడ్డించినట్టు మర్యాదగా వెళ్ళింది. వాడు దాన్ని కంచె దాటించాడు. తరవాతిది కూడా. ఆ తరవాతిది పార్కింగ్‌లో ఉన్న ఖాదర్ భాయ్ ట్రైలర్ మీద పడి ఢాం అంది. ఓవరు పూర్తి కాకముందే ఆట అయిపోయింది. నన్ను మింగేంత లోతు గుంట కోసం మైదానమంతా వెతికాను, అంతా చదును.

సాయంత్రం మెస్సులోకి అడుగుపెట్టేసరికి అందరూ కంచాలతో కూర్చున్నారు. సత్తన్న గరిటె అందుకుని లేచి నిలబడ్డాడు. "అగో, మన అన్నదానం వచ్చిండు! లైన్ల నిలబడుండ్రి, తనవాళ్ళు మందివాళ్ళు అని సూడడు, అందరికి కడుపు నిండ వెడ్తడు!" గదంతా పగిలిపోయేలా నవ్వారు. భూమేశ్ నవ్వాడు. అన్నం వడ్డిస్తున్న మల్లయ్య మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మామ నవ్వాడే, అది ఇక్కడ గుచ్చుకుంది.

ఆ పేరు అంటుకుపోయింది. సైటులో అన్నదానం, బస్సులో అన్నదానం. బంగ్లా, నేపాల్ వాళ్ళకు అర్థం తెలియదు, అదే నా పేరనుకుని 'అన్నదానం భాయ్' అని గౌరవంగా పిలిచేవాళ్ళు. మావాళ్ళలో ఎవడో ఊరికి ఫోనులో చెప్పాడు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా అమ్మ వాడకట్టంతా తిరిగి, "మా లింబాద్రి దుబాయ్‌ల అన్నదానాలు జేస్తున్నడట" అని చెప్పుకుంది. తరవాత ఫోనులో, "బిడ్డా, పుణ్యం మంచిదే గని నువ్వు తిన్నంక మందికి వెట్టు" అని నాకు బుద్ధి చెప్పింది. ఏం చెప్పను? సరేనమ్మా అన్నాను. ఫోను పెట్టేసి, సత్తన్న ఉన్న గది వైపు చూసి పళ్ళు నూరాను. ఓడిపోవడం సంగతి వేరు, ఓడిపోయేవాళ్ళు లోకంలో సగం మంది. చెప్పినా వినకుండా నన్ను ముందుకు తోసినవాడే లేచి నిలబడి నాకు పేరు పెట్టాడు చూడండి, అదీ. ఆ పేరు నా మీంచి ఊడాలి. ఊడి పోయి ఆయన మీసానికి తగలాలి. నాకు అంతకన్నా చిన్న కోరిక లేదు, పెద్ద కోరికా లేదు.

మొదట చిల్లర పగలు తీర్చుకున్నాను. ఆయన డ్యూటీ బూట్ల లేసులు రెండూ కలిపి ముడేశాను. ఆయన టీ గ్లాసులో చక్కెరకు బదులు ఉప్పు వేశాను. ఆయన గుటుక్కున తాగేసి, "మామా, ఇయ్యాల చాయ్ మంచిగున్నది" అన్నాడు. అటువంటి నాలుకను ఎవడు శిక్షించగలడు? ఇట్లా కాదని అర్థమైంది.

ఒక రోజు ఖాదర్ భాయ్ ట్రైలర్లో పైపులు వచ్చాయి. నేను దించుతుంటే ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. నేను పైపును కుడి భుజం మీదికి ఎత్తుకోలేక ఎడమ వైపుకు మార్చుకోవడం చూసి కిందికి దిగి వచ్చాడు.

"లింబాద్రి, గుస్సా రాకపోతే ఒక్క మాట. నీ బాల్ ఖరాబ్ లేదు. నీ కంధా, గీ భుజం, ఖరాబ్ ఉన్నది. మీ కెప్టెన్ కైకు సమజ్ నై హోతా?"

"ఆయనకు ముక్క తప్ప ఏదీ సమజ్ కాదు భాయ్."

ఆయన నవ్వలేదు. "మా దగ్గరికి వస్తవా? కానీ కాయిదా తెలుసు గదా. మా దస్తర్‌ఖాన్ మీద తినాలె."

ఆ గురువారం సాయంత్రం మెస్సుకు పోయి, గోడ మీంచి నా కంచం తీశాను. సత్తన్న ముక్క నములుతూ చూస్తున్నాడు. మల్లయ్య మామ పెనం మీద రొట్టె తిప్పుతూ, "ఏడికిరా?" అన్నాడు.

"డ్రైవర్ల మెస్సుకు మామా. ఇగ అక్కడనే."

మామ రొట్టెను ఇంకోసారి తిప్పాడు. "రొట్టె తిని పోతవా, ఉపాసం పోతవా?"

తినే పోయాను. పగ ఉన్నంత మాత్రాన ఆకలి ఊరుకోదు కదా. కంచం కడుక్కుని చంకలో పెట్టుకుని గడప దాటుతుంటే సత్తన్న గొంతు వినిపించింది, "పోనియ్యుండ్రి, ఇగ వాళ్ళకే వెడ్తడు అన్నదానం." మళ్ళీ నవ్వులు. ఈసారి మామ నవ్వాడో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

డ్రైవర్ల మెస్సు వేరే లోకం. పుదీనా, వేయించిన ఉల్లిగడ్డ, బగారా అన్నం వాసన వరండా చివరినుంచే వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది. కింద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, నడుమ పెద్ద పళ్ళెం పెట్టి, చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తినేవారు. నేను పంతం కొద్దీ తెచ్చుకున్న కంచానికి అక్కడ పనే లేదు, మంచం కిందికి తోసేశాను. మొదటి రోజే ఖాదర్ భాయ్ అందరికీ చెప్పాడు, "లింబాద్రి ఉన్నన్ని రోజులు ఈ పళ్ళెంలో మేక, కోడి. ఔర్ కుచ్ నక్కో, ఇంకేం వద్దు." అదే ఆయన పద్ధతి. ఏదైనా ఒక్కసారే, మెత్తగా చెప్పేవాడు.

ఆయన తినడం చూడాలి. పళ్ళెంలో ఉన్న మంచి ముక్కను వేలితో నడిమికి జరిపేవాడు. అది అక్కడే ఉండేది. అందరూ చుట్టూ అన్నం తింటూ వస్తారు, ఎవరూ దాని జోలికి పోరు. చివరికి పళ్ళెం తెల్లగా బయటపడే సమయానికి ఆ ముక్క తీసి ఒకరి ముందు పెట్టేవాడు. ఆట ముందు రోజు అది ఎవరి ముందు పడితే మరునాడు చివరి ఓవరు వాళ్ళదే. మాటల్లేవు, చర్చల్లేవు. ఆ మనిషి ఆ ముక్క తిని, చెయ్యి కడుక్కుని, భుజం ఆడించకుండా పోయి పడుకోవాలి. నేను నా జన్మలో చూసిన క్రికెట్ శిక్షణ అంతా ఆ పళ్ళెంలోనే ఉంది. సత్తన్న దగ్గర భూమేశ్ లాంటి ముక్క ఉండి కూడా ఓడిపోయేది ఎందుకో, వీళ్ళ దగ్గర పులుసే ఉన్నా గెలిచేది ఎందుకో, ఆ పళ్ళెం చూసినవాడికి ఎవరూ చెప్పక్కరలేదు.

కానీ నాకు ట్రైలర్ లేదు. నా పని మళ్ళీ చేతులెత్తి క్లాంపులు బిగించడమే, నా ఫోర్‌మన్ మళ్ళీ సత్తన్నే. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కుడి చేతికి సెలవిచ్చేశాను. స్పానర్ ఎడమ చేతికి మార్చాను. మొదట్లో క్లాంపు బిగించబోతే స్పానర్ నా ముక్కుకు తగిలేది. నట్టు ఇటు తిప్పాల్సింది అటు తిప్పేవాణ్ణి. ఎడమ చేయి నన్ను తిట్టేది, ఇన్నాళ్ళూ ఏ పనీ చెప్పకుండా ఇప్పుడేమిటని. నెలలు గడిచేకొద్దీ దానికీ సిగ్గు వచ్చింది, నేర్చుకుంది. బకెట్టు ఎడమ చేత్తో, పైపు ఎడమ భుజం మీద, తలుపు ఎడమ చేత్తో. కుడి చేయి అన్నం తినడానికీ, శుక్రవారం బంతి వేయడానికీ తప్ప కొత్త కోడలిలా ఏ పనీ ముట్టుకునేది కాదు. మధ్యాహ్నం విరామంలో అందరూ నీడలో వాలిపోతే, నేను టవర్ కింద సుద్దతో నేల మీద బొటనవేలంత గీత గీసి, బంతి సరిగ్గా దాని మీద పడేటట్టు వేసేవాణ్ణి. బ్యాటు పట్టినవాడి కాలి వేళ్ళ దగ్గర పడే బంతిని కొట్టడం ఎవరి తరమూ కాదు. ఆ గీతను నేను సత్తన్న కాలి వేళ్ళనే అనుకున్నాను. నిజం చెబితే, కొన్నిసార్లు మీసం కూడా గీశాను.

ఒకరోజు సత్తన్న కింద నిలబడి పైకి అరిచాడు, "ఏందిరా అన్నదానం, ఎడమ చేతి పనోనివైనవ్?"

"కుడి చెయ్యి దాస్తున్న సత్తన్నా."

"ఎవల కోసంరా?"

"నీ కోసమే."

ఆయన పెద్దగా నవ్వి పోయాడు. నేను ఎడమ చేత్తో ఆ క్లాంపును ఎంత బిగించానంటే, తరవాత దాన్ని విప్పడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

మళ్ళీ చలికాలం వచ్చింది, మళ్ళీ ఆ రెండు మెస్సులే ఫైనలు. ముందు రోజు పళ్ళెంలో ముక్క నడుమ కూర్చుంది. అందరం దాని చుట్టూ తింటున్నాం. ట్యాంకర్ పొడగరి దాని వైపు చూస్తున్నాడు, నేను చూడనట్టు చూస్తున్నాను. ఖాదర్ భాయ్ దాన్ని నెమ్మదిగా నా ముందుకు జరిపాడు. పొడగరి నా వీపు తట్టి, "ఖా లే మియా" అన్నాడు. ఎముక దాకా నమిలి తిన్నాను.

డ్రైవర్లు ముందు బ్యాటింగు చేశారు. సత్తన్న ఏం చేశాడో చెప్పనక్కరలేదు. భూమేశ్‌ని మొదట్లోనే అయిపోగొట్టాడు, చివర్లో మా డ్రైవర్లు దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టారు. తరవాత షట్టరింగ్ వాళ్ళు లక్ష్యం వెంట పడ్డారు. సత్తన్న మొండిగా ఒక వైపు నిలబడిపోయాడు. చివరి ఓవరు వచ్చేసరికి ఆయనే ఎదురుగా. ఓవరు మొత్తంలో రెండు మంచి దెబ్బలు పడితే ఆట వాళ్ళది. ఖాదర్ భాయ్ బంతి నా చేతిలో పెట్టాడు. తాడు అవతల షట్టరింగ్ మెస్సంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతూ పాడడం మొదలుపెట్టింది. "అన్నదానం! అన్నదానం! ఆకలైతున్నది, జెల్ది వెట్టు!"

మొదటి బంతి వేళ్ళలోంచి జారింది. లడ్డూయే మళ్ళీ. సత్తన్న దాన్ని కంచె అవతలికి పంపి, బ్యాటు భుజాన పెట్టుకుని, "ఇంకోటి వెయ్యి బిడ్డా" అన్నాడు. అవతల ఈలలు. ఖాదర్ భాయ్ దూరం నుంచి నడుచుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను. నా టోపీ సరిచేసి, "కంధా కైసా హై?" అని అడిగాడు.

"మంచిగున్నది భాయ్."

"బస్. ఫిర్ కాయ్‌కీ ఫికర్" అని, ఇక చింత దేనికన్నట్టు చెయ్యి ఊపి తన చోటికి పోయాడు.

ఆ తరవాత నాకు సత్తన్న కనబడలేదు. సుద్దగీత కనబడింది. బంతి వేళ్ళ దగ్గర పడింది, ఆయన గంతేశాడు. మళ్ళీ అక్కడే పడింది, బ్యాటు నేలను తవ్వింది. ఇంకోటి, ఇంకోటి. చప్పట్లు ఒక్కొక్కరివి ఆగిపోయాయి. నా చేయి ఏడాది పొడుగునా పని ముట్టుకోని చేయి, ఎక్కడ చెబితే అక్కడికి పోతోంది. చివరి బంతికి ఆయన మీసం మీద చెమట మెరుస్తోంది. ఒక్క దెబ్బ చాలు ఆయనకు. నేను పరుగెత్తి వచ్చి, భుజం పూర్తిగా తిప్పి వేశాను. మా స్టంపులు స్కాఫోల్డింగ్ పైపు ముక్కలే. నడిమి పైపు ఊడి, అడుగున ఉన్న బేస్ ప్లేటు ఇనుప రేకు మీద పడి, టంగ్ అని మోగింది. గుడిగంట కూడా నాకు అంత తియ్యగా వినిపించలేదు. ట్యాంకర్ పొడగరి నన్ను ఎత్తుకుని తిప్పాడు. నేను గాలిలోంచి షట్టరింగ్ మెస్సు ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసుకున్నాను, తొందరపడకుండా.

మొన్న ఆ కుర్రాళ్ళను బండి ఆపమని మెసైమీర్‌లో మేము ఆడిన చోటు చూపించాను. పెద్ద గోడౌన్ లేచింది. వికెట్టు ఉన్న చోట ఏసీ యంత్రాలు వేడిగాలి కక్కుతున్నాయి. కుర్రాళ్ళు గౌరవంగా ఒక నిమిషం నిలబడి, నీడ కోసం బండిలోకి పోయారు. వాళ్ళకు బంతులు దుకాణంలో దొరుకుతాయి, వీపు మీద పేరుతో చొక్కాలున్నాయి, జట్లు ఫోను గ్రూపుల్లో పుడతాయి, ఫోను గ్రూపుల్లోనే చస్తాయి. ఎవడికి కోపం వచ్చినా గ్రూపులోంచి బయటికి పోయి ఇంకో గ్రూపులో చేరతాడు. అన్నం కంపెనీ డబ్బాల్లో వస్తుంది, అందరికీ ఒకే అన్నం, ఎవరి చెయ్యి తగిలిందో తెలియని అన్నం. జట్టు మారితే వాడికి పోయేది ఏమీ లేదు. నేను జట్టు మారిన రోజున జొన్న రొట్టె పోయింది, పచ్చిపులుసు పోయింది, ఆవిరి పీల్చి ఉప్పు చెప్పే మనిషి పోయాడు. ఇప్పుడు పగ కూడా ఏ శ్రమా లేకుండా దొరికేస్తోంది, అందుకే రుచి లేదు. వాళ్ళ తగువుకు నా తీర్పు ఇదే. రెండు జట్ల వాళ్ళనూ ఒక పూట కూర్చోబెట్టి అన్నం పెట్టండి. ముక్క ఎవడు ఎప్పుడు తింటాడో చూడండి. ఫోను అక్కరలేదు.

ఇక ఫైనలు గెలిచిన ఆ సాయంత్రం. గెలిచిన కప్పు ఖాదర్ భాయ్‌ని అడిగి తీసుకుని, నేరుగా షట్టరింగ్ మెస్సుకు పోయాను. ఏడాదిగా ఆ గడప తొక్కలేదు. అందరూ కంచాల ముందు కూర్చున్నారు. మల్లయ్య మామ గరిటెతో నిలబడి నన్ను చూసి, "కూసుంటవా?" అన్నాడు. కూర్చోలేదు. కప్పును సత్తన్న కంచం పక్కన టక్కున పెట్టాను. ఏడాది నుంచి అద్దం ముందు, టవర్ మీద, దుప్పటి కింద సాధన చేసిన మాటలు, ఒక్కటి కూడా తడబడకుండా అన్నాను.

"ఎట్లున్నది సత్తన్నా? కడుపు నిండిందా? పోయినేడు నా భుజం సచ్చిపోయుండె. ఇయ్యాల మంచిగున్నది. గంతే తేడా. ఇప్పుడు జెప్పు, ఎవడు అన్నదానం?"

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. సత్తన్న నోట్లో ఉన్నది నింపాదిగా నమిలి, మింగి, నీళ్ళు తాగి, మీసం తుడుచుకున్నాడు. నా ముఖంలోకి చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, ఎగతాళి లేదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు:

"భుజం బాగలేకపోతే గా మాట నాకు పోయినేడే జెప్పకపోయినవారా? ఆఖరి ఓవర్ భూమేశ్‌కు ఇద్దును గద!"